నలభై రెండు తువ్వాళ్లు, నలభై రెండు పేర్లు

ప్రశ్న: మేడమ్, నమస్కారం. ఒక జిల్లా కేంద్రంలోని బాలసదనంలో సంరక్షకురాలిగా చేరి ఐదు నెలలైంది. 11 నుంచి 17 ఏళ్ల వయసున్న 42 మంది ఆడపిల్లలను చూసుకుంటున్నాను. కొందరికి తల్లిదండ్రులు లేరు. కొందరికి తల్లి ఉన్నా పెంచలేక ఇక్కడ చేర్చింది. పిల్లల్లో సగం మందికి ఒళ్లంతా దురద. ఐరన్ మాత్రలు ఇస్తే బాత్‌రూములో పడేస్తున్నారు. ఆదివారం సాయంత్రమైతే చాలు, ఏడెనిమిది మంది కడుపునొప్పి అని పడుకుంటారు. ఒక అమ్మాయి దిండు కింద ఎప్పుడూ ఏదో ఒక తిండి దాస్తుంది. మొన్న 15 ఏళ్ల అమ్మాయి ముంజేతి మీద బ్లేడు గీతలు చూశాను. ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇంకో అమ్మాయికి వచ్చే జూన్‌కు 18 నిండుతాయి, ఆమె రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. క్రమశిక్షణ గట్టిగా ఉంటే అన్నీ అవే సర్దుకుంటాయని మా సూపరింటెండెంటు గారు అంటారు. పిల్లల శారీరక, మానసిక ఆరోగ్యం కోసం ఒక కార్యక్రమం రాసి ఇమ్మన్నారు. తెల్లవారుజామున యోగా, నెలకోసారి కౌన్సెలర్ గారి ఉపన్యాసం పెడదామనుకుంటున్నాను. ఇంకా ఏమేమి చేర్చాలి?

సమాధానం:

అమ్మా,

కార్యక్రమం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ముంజేతి మీద గీతలున్న ఆ అమ్మాయి. నా జవాబు మీ చేతికి అందేసరికి ఆ గీతలు మానిపోయి ఉండవచ్చు, కొత్తవి పడి ఉండవచ్చు. అందుకని ఇది చదివిన రోజే ఆమె దగ్గరికి వెళ్లండి.

అందరి ముందూ పేరు పెట్టి పిలవకండి. బట్టలు ఆరేసేటప్పుడో, ఆకుకూర ఒలిచేటప్పుడో పక్కనే కూర్చుని మాట కదపండి. ఎదురుగా కుర్చీ వేసి అడిగితే ఈ వయసు పిల్లలు నోరు విప్పరు, చేతికి పనుంటే మాట దానంతటదే వస్తుంది. గాయం చూడండి, సబ్బునీళ్లతో కడిగి మందు రాయండి. "ఎందుకు చేశావు?" అంటే నిలదీసినట్టు ఉంటుంది. "అప్పుడు లోపల ఎలా అనిపించింది?" అని అడగండి. ఆమె చెప్పినదంతా విన్నాక, గొంతు మార్చకుండా ఇంకో ప్రశ్న అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఈ మాట అంటే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దవాళ్లందరికీ భయం. అలా జరగదు. ఇన్నాళ్లకు ఒకరు అడిగారన్న ఊరటే చాలామందికి కలుగుతుంది. కోసుకునే పిల్లల్లో ఎక్కువమంది చావు కోరి ఆ పని చేయరు. లోపలి బాధ ఊపిరాడనివ్వనప్పుడు దాన్ని కాసేపు చర్మం మీదికి తెచ్చుకుంటారు. అయినా ఆ ధైర్యంతో మనం ఊరుకోకూడదు, ఎందుకంటే ఇలాంటి పిల్లలు తర్వాతెప్పుడైనా ప్రాణం తీసుకునే ప్రమాదం మిగతా పిల్లల కన్నా ఎక్కువ.

"అవును" అన్నదా, ఇక ఆమెను ఒంటరిగా వదలవద్దు. అదే రోజు జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలి. ఈలోపు మీకే దారి తోచకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు, వాళ్లను చూసుకుంటున్న మీరూ చేయవచ్చు. సదనంలో ఫినాయిలు, బాత్‌రూము యాసిడ్, ఎలుకల మందు, మాత్రల డబ్బా ఎక్కడున్నాయో ఈ సాయంత్రమే చూసి తాళం వేయండి. క్షణికావేశంలో చేతికి ఏది అందుతుందో దాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఇంకో జాగ్రత్త: ఈ విషయం గదిలో చర్చ కానివ్వకండి. ఈ వయసులో ఒకరిని చూసి ఇంకొకరు చేయడం ఉంది.

ఇక ఒట్టు. దాన్ని తీసి గట్టున పెట్టండి, కానీ ఆమెకు చెప్పే పెట్టండి. "నీ సంగతి నలుగురిలో చాటను. కానీ నీ ప్రాణానికి సంబంధించిన మాట నేనొక్కదాన్నే దాచుకోలేను. ఎవరికి చెబుతానో, ఏం చెబుతానో ముందు నీకే చెబుతాను." మోసపోయానన్న బాధ కలగకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గం. మాటల్లో లైంగిక హింస ఏదైనా బయటపడితే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత, దాచితే అది నేరం. అప్పుడు ఆమెను గుచ్చి గుచ్చి అడగకండి. చెప్పినంత విని, ఆమె వాడిన మాటలనే తేదీ, వేళ వేసి రాసి పెట్టండి. వాటిని మన భాషలోకి మార్చి దిద్దకండి.

ఇప్పుడు మీరు రాయాలనుకుంటున్న కార్యక్రమం.

మీ ఉత్తరంలో నాకు నచ్చినది ఒకటుంది. ఐదు నెలలకే మీరు ఆ అమ్మాయి దిండు కింద చూశారు, ఈ అమ్మాయి ముంజేయి చూశారు, ఆదివారానికీ కడుపునొప్పికీ ముడి పెట్టారు. కార్యక్రమం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ 42 మందినీ ఒకే వరుసలో నిలబెట్టి యోగా చేయించి, ఒకే గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసం వినిపించాలనుకున్నారు. ఒక్కొక్కరిలో మీరు చూసినదంతా ఆ వరుసలో మాయమైపోతుంది. సదనాల్లో పెరిగే పిల్లలకు ఇంట్లో పెరిగే పిల్లల కన్నా ఒకటి తక్కువ. పొద్దున నువ్వు సగమే తిన్నావే అని గుర్తుపట్టే మనిషి వాళ్లకు ఉండరు. హాజరు పుస్తకంలో పిల్లలంతా ఒక లెక్క, అంతే. పాతికేళ్లుగా పిల్లల వైద్యురాలిగా ఇలాంటి సదనాలకు వెళ్తున్నాను. ఒళ్లు బాగు చేయడమైనా, మనసు బాగు చేయడమైనా ఆ లెక్కలోంచి ఒక్కొక్క పిల్లను విడిగా బయటికి తీయడంతోనే మొదలవుతుందని నా నమ్మకం. కిందివన్నీ ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

దురదతో మొదలుపెడదాం. సగం మందికి, రాత్రిపూట ఎక్కువగా, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ ఉంటే అది గజ్జి అయి ఉంటుంది. వైద్యుడికి చూపించి నిర్ధారించుకోండి. సాధారణంగా ఇచ్చేది 5 శాతం పర్మెత్రిన్ మలాము. అది దురద ఉన్న చోట మాత్రమే రాస్తే వృథా. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కిందతో సహా రాసి రాత్రంతా ఉంచాలి. దురద లేనివాళ్లకు కూడా రాయాలి. మీకు, ఆయమ్మకు, వంటమ్మకు కూడా. అందరికీ ఒకే రాత్రి. వారం తర్వాత మరోసారి. మర్నాడు దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి కనీసం మూడు రోజులు ముట్టుకోకుండా ఉంచాలి. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చని పిల్లలకు ముందే చెప్పండి. లేకపోతే మళ్లీ మళ్లీ రాసుకుని చర్మం పాడు చేసుకుంటారు.

గజ్జి మళ్లీ రాకుండా ఉండాలంటే మాత్రం ఇంకో పని ఉంది. చాలా సదనాల్లో తువ్వాళ్లన్నీ ఒకే తాడు మీద ఆరతాయి, ఎవరికి ఏది చిక్కితే అది. ఒకసారి ఒక సదనంలో పిల్లలందరికీ సూదీ రంగుదారం ఇచ్చి, తువ్వాలు మూలన ఎవరి పేరు వాళ్లను కుట్టుకోమన్నాం. పదమూడేళ్ల పిల్ల ఒకతె రెండు రోజులు తీసుకుంది. పేరు చుట్టూ ఆకుపచ్చ దారంతో తీగ, తీగకు మూడు ఎర్ర పూలు. మూడో పువ్వుకు ఎర్రదారం అయిపోతే సగం పసుపుతో కుట్టింది. ఆ తువ్వాలును తాడు మీద ఆరేసి, ఎండేదాకా దాని పక్కనే నిలబడింది. నేను చర్మం కోసం చెప్పిన సలహా అది. ఆ పిల్ల తనదంటూ ఒక వస్తువు చేతికి వచ్చినట్టు చూసుకుంది. సబ్బు, దువ్వెన, కంచం, దుప్పటి, అన్నీ ఇలాగే చేయండి. దువ్వెన ఎవరిది వారికుంటే పేల బాధ కూడా తగ్గుతుంది.

ఐరన్ మాత్రలు ఎందుకు పారేస్తున్నారో అడిగారా? నేనడిగిన ప్రతిచోటా జవాబులు ఒకటే: వికారం, కడుపులో తిప్పడం, మలం నల్లగా రావడం, "పిల్లలు పుట్టకుండా ఇస్తారట" అన్న పుకారు. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క తేల్చింది. అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం. అంటే మీ 42 మందిలో ఇరవై మందికి తక్కువ కాకుండా ఉండే అవకాశం ఉంది. ఎప్పుడూ నీరసంగా ఉండే పిల్లను సోమరి అంటాం, చదివినది గుర్తుండని పిల్లను మొద్దు అంటాం. చాలాసార్లు అది రక్తం తక్కువై వచ్చిన నీరసం.

వారానికి ఒకటి ఇచ్చే ఆ నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. పరగడుపున ఇవ్వకండి. మధ్యాహ్న భోజనం అయ్యాక, అదీ కడుపునిండా తిన్న రోజున, మీ ఎదుట వేసుకునేలా చూడండి. మీరూ ఒకటి వాళ్లతోపాటు వేసుకోండి, పుకార్లకు అంతకు మించిన జవాబు లేదు. మలం నల్లగా వస్తే భయం లేదని ముందే చెప్పండి. భోజనం వెంటనే టీ ఇచ్చే అలవాటు ఉంటే మానిపించండి, తిన్నదాంట్లోని ఐరన్‌ను టీ ఒంటికి పట్టనివ్వదు. దాని బదులు పప్పులో నిమ్మకాయ పిండండి, జామకాయల కాలంలో జామ ముక్కలు పెట్టండి. మునగాకు పప్పు, తోటకూర, రాగి సంకటి, నువ్వుల ఉండలు మన వంటమ్మలకు కొత్త కాదు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జరిగే నులిపురుగుల నివారణ దినాల్లో ఆల్బెండజోల్ మాత్ర ఎవరికీ తప్పకుండా చూడండి. పురుగులు పోకుండా ఐరన్ ఎంత ఇచ్చినా సగం వాటికే. అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 కన్నా తక్కువున్న పిల్లకు వారానికొక మాత్ర సరిపోదు, వైద్యుడు మోతాదు మారుస్తాడు. 8 కన్నా తక్కువైతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎవరి అంకె వాళ్లకు చెప్పండి, మూడు నెలల తర్వాత మళ్లీ చేయించి చెప్పండి. "నాది 9.2 నుంచి 11కు వచ్చింది" అని చెప్పుకునే పిల్ల మాత్ర పారేయదు.

ఆదివారం కడుపునొప్పికి వచ్చే ముందు ఒక పని చేయండి. రాత్రి పది గంటలకు, పిల్లలు పడుకునే గది నుంచి బాత్‌రూము దాకా నడవండి. దారిలో దీపం ఉందా? తలుపుకు లోపలి గడియ పడుతుందా? కుళాయిలో నీళ్లు వస్తున్నాయా? ఆ చీకట్లో వెళ్లడానికి భయపడి సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసే ఆడపిల్లలను ఎంతమందినో చూశాను. వాళ్లకు మూత్రంలో మంట, మలబద్ధకం, తలనొప్పి. పొద్దున మా దగ్గరికి మందుకు వస్తారు. ఆ మందు చీటీ మీద నేను బల్బు, గడియ అని రాయాలి నిజానికి. నెలసరి రోజుల్లో ఇది ఇంకా కష్టం. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి ప్యాడ్ మార్చుకోవాలంటే మూత ఉన్న బుట్ట, గడియ ఉన్న తలుపు, అడగకుండానే అందే ప్యాడ్లు ఉండాలి. అల్మారా తాళం మీ దగ్గర పెట్టుకుని "ఎన్ని కావాలి?" అని అడుగుతుంటే, సగం మంది అడగడానికి సిగ్గుపడి గుడ్డలతో సరిపెట్టుకుంటారు.

ఇక ఆదివారం. అది చూడడానికి వచ్చే రోజు కదా. తల్లి వచ్చి వెళ్లిన పిల్లకు వెళ్లిపోయిందన్న బాధ, వస్తానని రాని పిల్లకు ఇంకో బాధ, ఎప్పటికీ ఎవరూ రారని తెలిసిన పిల్లకు అన్నిటికన్నా లోతైన బాధ. ఆ బాధ కడుపులో నొప్పిగా వస్తుంది. అది నాటకం కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. మొదట పొట్ట నొక్కి చూడండి. కుడివైపు కింద నొప్పి, జ్వరం, వాంతులు ఉంటే ఏ వారమైనా సరే ఆస్పత్రికే. అవేమీ లేకపోతే వేడి నీళ్ల సంచి ఇచ్చి, పక్కన పది నిమిషాలు కూర్చోండి. "ఇవాళ అమ్మ రాలేదు కదా" అని మీరే అనండి, ఆ మాట తనే అనవలసిన బరువు పిల్ల మీద పెట్టకండి. ఆదివారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా సదనంలో ఏం జరుగుతుందో చూసుకోండి. సాధారణంగా ఏమీ జరగదు. సిబ్బంది తక్కువ, టీవీ ఒక్కటే. ఆ రెండు గంటల్లో పిల్లలంతా చేతులతో చేసే పని ఒకటి పెట్టండి. జంతికలు వత్తించండి, తలకు నూనె రాసి జడలు వేయించండి. ఎవరూ రాని పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఆ పూట వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి.

దిండు కింద తిండి దాచే అమ్మాయిని దొంగ అనకండి. ఎవరినీ అననివ్వకండి. ఒకప్పుడు తిండి దొరకని ఇంట్లో పెరిగిన ఒళ్లు, ఇప్పుడు మూడు పూటలా దొరుకుతున్నా దాన్ని నమ్మదు. మగపిల్లల సదనంలో పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు జామెట్రీ బాక్సులో ఇడ్లీ ముక్కలు దాచేవాడు. వృత్తలేఖిని తీసేసి ఆ చోట ఇడ్లీ. చీమలు పట్టేవి, తిట్లు పడేవి. అక్కడి వార్డెన్ తనకు తోచిన ఉపాయంగా వాడికి ఒక మూత డబ్బా ఇచ్చి, రోజూ సాయంత్రం రెండు పల్లీ చిక్కీలు అందులో తనే వేసేవాడు. ఇది నీది, ఎప్పుడైనా తినవచ్చు, ఎవరూ అడగరు అన్నాడు. మొదటి నెలంతా వాడు తినలేదు, కూడబెట్టాడు. డబ్బా నిండి మూత పడకపోతే ఏడ్చాడు. ఆ తర్వాత రోజుకొకటి తినడం మొదలుపెట్టాడు. రెండేళ్ల తర్వాత వాడు వెళ్లేటప్పుడు కూడా డబ్బాలో రెండు చిక్కీలున్నాయి, అందులో తప్పేమీ లేదు. మీరూ ఒక డబ్బా ఇవ్వండి. భోజనం కోత పెట్టడం శిక్షగా ఎన్నడూ వాడకండి, ఏ పిల్లకూ, ఏ తప్పుకూ.

యోగా మంచిదే. తెల్లవారుజాము మంచిది కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. యుక్తవయసులో నిద్ర వేళ ఒంటిలోనే వెనక్కి జరుగుతుంది, పదింటికి ముందు వాళ్లకు కళ్లు మూతపడవు. పదింటి దాకా చదివించి నాలుగున్నరకు గంట కొడితే ఆ పిల్లలు చిరాకుగా, మతిమరుపుగా, ఏడుపుముఖాలతో తిరుగుతారు, దానికి మళ్లీ కౌన్సెలింగు అంటాం. ఈ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు: యోగా కోసం నిద్ర చెడగొట్టకండి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక ఒక గంట ఆట పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వయసు వాళ్లకు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలమంటోంది. ఖోఖో, కబడ్డీ, తాడాట, కోలాటం, ఏదైనా సరే, ఏది ఆడాలో వాళ్లే తేల్చుకోవాలి. గేటు దాటనివ్వని సదనాల్లో ఆడపిల్లలు ఒళ్లు విరుచుకుని పరుగెత్తి ఎన్నాళ్లవుతుందో లెక్క కట్టి చూడండి. ఒంటి మీద ఎవరో చేయి వేసిన గతం ఉన్న పిల్లకు, తన ఒళ్లు తన మాట వింటుందని ఆటలోనే మొదటిసారి తెలుస్తుంది. తప్పు చేసిందని ఆట మానిపించడం కూడా వద్దు.

కౌన్సెలర్ గారి ఉపన్యాసం గురించి. నలభై మందిని కూర్చోబెట్టి ఒత్తిడి అంటే ఏమిటో చెబితే ఎవరి బాధా తీరదు. అదే మనిషి, అదే వారం, అదే వేళకు, తలుపు దగ్గరగా వేసిన చిన్న గదిలో ఒక్కొక్కరితో అరగంట కూర్చుంటే ఉపయోగం. ఆరు నెలల్లో ముగ్గురు కౌన్సెలర్లు మారితే పిల్ల తన కథ మూడుసార్లు చెప్పి, నాలుగోసారి ఇక చెప్పదు. జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడిగేటప్పుడు ఇదే అడగండి: ఎంతమందిని పంపుతారని కాదు, ఎన్నాళ్లు ఒకే మనిషిని పంపుతారని. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సంవాద్ అనే విభాగం బాలల సంరక్షణలో పనిచేసేవాళ్లకు శిక్షణ ఇస్తుంది. మీ పేరు పంపమని మీ అధికారులను అడగండి.

మీ సూపరింటెండెంటు గారు చెడ్డవారని నేను అనుకోను. తనిఖీకి వచ్చినవాళ్లు గోడలకు రంగుందా అని చూస్తారు, రిజిస్టర్లు చూస్తారు, ఏ పిల్ల పారిపోయినా ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఆ భయంలోంచి వచ్చిన మాట అది. క్రమశిక్షణ అంటే వేళకు భోజనం, వేళకు నిద్ర, అన్న మాట నిలబెట్టుకోవడం అయితే నేనూ ఒప్పుకుంటాను, గతంలో ఏదీ నిలకడగా లేని పిల్లలకు అది మందు. దెబ్బలు, మోకాళ్ల మీద నిలబెట్టడం, ఒకరి తప్పుకు గది మొత్తానికి శిక్ష అయితే కాదు. 2015 బాలల న్యాయ చట్టం 82వ సెక్షన్ ప్రకారం సదనంలో పిల్లలను క్రమశిక్షణ పేరుతో కొట్టడం నేరం. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ మాట ఆయనకు బెదిరింపుగా కాకుండా, ఆయన్ను కాపాడే మాటగా చెప్పండి. ఆ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లో పిల్లల కమిటీలు ఉన్నాయి: 6 నుంచి 10, 11 నుంచి 15, 16 నుంచి 18 ఏళ్లవాళ్లకు వేర్వేరుగా. మీకు రెండు కమిటీలు కావాలి. కూర వారానికి ఎన్నిసార్లు ఏది వండాలి, ఆట ఏ వేళకు, టీవీ ఎప్పుడు, ఇవి వాళ్లను తేల్చనివ్వండి. కాగితం మీద ఉన్న కమిటీకి ఒక్క నిర్ణయం అయినా నిజంగా అప్పగిస్తే, గొడవలు ఎంత తగ్గుతాయో మీరే నాకు రాస్తారు.

ఇంకో మాట కొంచెం కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. రుమేనియా రాజధాని బుకారెస్టులో 2000 సంవత్సరం తర్వాత ఒక అధ్యయనం జరిగింది. అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది చిన్నపిల్లల్లో సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు తెలివిలోనూ, మనుషులతో పెనవేసుకోవడంలోనూ మిగతావాళ్ల కన్నా ముందుకు వెళ్లారు. వాళ్లు పసివాళ్లు, మీ పిల్లలు పెద్దవాళ్లు, లెక్క అచ్చంగా సరిపోదు. కానీ మన చట్టం కూడా సదనాన్ని చివరి మార్గంగానే చూడమంటుంది. మీ దగ్గరున్న పిల్లల్లో తల్లి ఉండి, పేదరికం ఒక్కటే కారణంగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఎంతమంది? మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద అర్హులైన పిల్లకు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఇల్లు క్షేమమైనదో కాదో బాలల సంక్షేమ సమితి విచారించి తేలుస్తుంది. తాగి కొట్టే తండ్రి ఉన్న ఇంటికి పంపమని నేననడం లేదు. కానీ ఆదివారం కడుపునొప్పి వచ్చే ఏడెనిమిది మందిలో ఒకరిద్దరికి అసలు మందు ఇదేనేమో చూడండి. ప్రతి పిల్లకు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక అని ఒక ఫారం ఉంటుంది కదా. సాధారణంగా చేరిన రోజు నింపి బీరువాలో పెడతారు. దాన్ని తీయండి, ఆ పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయండి.

మీరు ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటున్నారని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. వారంలో ఒక రోజు సెలవు తీసుకోండి. ఏ రోజు వెళ్తారో, ఎప్పుడు వస్తారో పిల్లలకు చెప్పి వెళ్లండి, చెప్పిన వేళకు రండి. వెళ్లిన మనిషి మళ్లీ వస్తారని ఆ పిల్లల్లో చాలామంది ఎప్పుడూ చూడలేదు.

జూన్‌లో 18 నిండే అమ్మాయిని చివరికి ఉంచాను. ఆమె నిద్రపోకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు. పుట్టినరోజు నాడు మంచం ఖాళీ చేయాలని ఆమెకు తెలుసు, ఆ తర్వాత ఏమిటో ఎవరూ చెప్పలేదు. నిద్రమాత్రతో మొదలుపెట్టకండి. ఈ వారమే ఆమెతో కూర్చుని జూన్ దాకా ఏయే నెలలో ఏమి చేయాలో కాగితం మీద రాయండి. బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం సదనం విడిచే పిల్లలకు అనంతర సంరక్షణ ఉంది. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు 21 ఏళ్లు వచ్చేదాకా ఇవ్వవచ్చు. దానికి దరఖాస్తు జూన్‌లో కాదు, ఇప్పుడే జిల్లా విభాగానికి వెళ్లాలి. ఆధార్, ఆమె పేరు మీద బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితాలు ఉన్నాయో లేదో చూడండి. ఎక్కడ ఉంటుంది, ఏం చదువుతుంది లేదా ఏ పని నేర్చుకుంటుంది అన్నది ఆమెనే చెప్పనివ్వండి. బస్సు ఎక్కి ఒక్కతే బ్యాంకుకు వెళ్లి రావడం, పదిమందికి కాకుండా ఒకరికి సరిపడా అన్నం వండుకోవడం ఇప్పటి నుంచే అలవాటు చేయండి. అన్ని కాగితాల నకళ్లు ఒక ఫైలులో పెట్టండి. ఆమె వైద్య రికార్డు కూడా అందులో పెట్టండి: రక్తం గ్రూపు, ఏ మందు పడదు, ఏ టీకాలు వేశారు. చిన్నప్పటి ఫోటో సదనంలో ఎక్కడైనా ఉంటే అదీ. ఆ ఫైలు లోపలి అట్ట మీద మీ ఫోను నంబరు మీ చేతిరాతతో రాసి ఇవ్వండి. జూన్ తర్వాత ఏదో ఒక రాత్రి ఆమె ఫోను చేస్తుంది. నిద్ర మధ్యలో లేచి అయినా సరే, ఎత్తండి.